మన గుమ్మానికీ ఒక 214(బి) కావాలి

మా పెదనాన్నకు అమెరికా విజిటర్ వీసా రాలేదని తెలిసి ఊళ్లో కొందరు పరామర్శకు కూడా వచ్చారు. ఒకాయన అరటిపళ్లు తెచ్చాడు. అందరూ ఆ దేశాన్ని తిట్టిపోశారు. నేను మాత్రం తిట్టలేదు. చేతిలో పెట్టి పంపిన ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాక, ఇంత తెలివైన చట్టం మనకు లేకపోయిందే అన్న దిగులే మిగిలింది.

1952 నాటి వాళ్ల వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం, వీసా అడిగిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలి. కాదని నిరూపించుకోవడం వచ్చినవాడి ఖర్మ.

పెదనాన్న బాగానే సిద్ధపడ్డారు. పట్టాదారు పాసుపుస్తకం, పెన్షన్ కాగితాలు, ఎఫ్‌డీ రసీదులు, సీఏ చేత విలువ కట్టించిన ఆస్తి పత్రం, అల్లుడు రాసిన ఆహ్వాన లేఖ. ఇవి చాలవేమోనని చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు. కిటికీ అవతలి అధికారి ఫైలు వైపైనా చూడలేదు. ఎందుకు వెళ్తున్నారన్నాడు. కూతురి కానుపుకన్నారు. ఎన్నాళ్లన్నాడు. ఆర్నెల్లన్నారు. ఇక్కడ మీకు ఎవరున్నారన్నాడు.

"ఎవరున్నారండీ మాకు! ఉన్న ఇద్దరు పిల్లలూ అక్కడే."

తెలుగు తండ్రి ఆ మాట ఎదుటివాడు "అయ్యో" అనడానికి అంటాడు. చట్టం దాన్ని నేరాంగీకారం కింద రాసుకుంటుంది. రెండు నిమిషాల్లో పాస్‌పోర్టు వెనక్కి వచ్చేసింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్లకు ఈ అనుమానం వర్తించదు. దానికి మినహాయింపు ఆ సెక్షన్‌లోనే రాసిపెట్టారు. అంటే ఇల్లు కొనుక్కుని, గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ అల్లుడి మీద ఏ అనుమానమూ లేదు. మూడో రోజుకే పేపరు రాలేదని, పాలవాడు రాలేదని, మాట్లాడే మనిషి లేడని గిలగిల్లాడే అరవై ఎనిమిదేళ్ల పెదనాన్న మాత్రం అక్కడ పాతుకుపోతాడు!

ఈ తీర్పు మీద అప్పీలు లేదు. కావాలంటే మర్నాడే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కట్టిన 185 డాలర్లు రావు, కొత్తగా 185 కట్టాలి. అమీర్‌పేటలో ఒక ఏజెంటు, "వీసా ఎప్పుడైనా నిరాకరించారా అని ఫారంలో అడుగుతారు, లేదని కొట్టేద్దాం సార్" అన్నాడట. పెదనాన్న ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు, ఒప్పుకోలేదు. బతికిపోయారు. ఆ అబద్ధం దొరికితే జీవితకాలం గుమ్మం మూసేసే సెక్షన్ వేరే ఉంది. ఇంకో ఏజెంటు మర్యాదస్తుడు. "మీ పరిస్థితుల్లో మార్పేదైనా చూపించాలండీ" అన్నాడు. రిటైరైన మాస్టారి పరిస్థితుల్లో మారేదేముంటుంది, బీపీ మాత్ర తప్ప?

అందుకే నా ప్రతిపాదన ఏమిటంటే, ఈ సెక్షన్‌ను మన ఇళ్లలో తక్షణం అమలు చేయాలి. సంచీతో గేటు తీసిన ప్రతి బంధువూ ఉండిపోవడానికే వచ్చాడని ముందే అనుకుందాం. మా పెద్దమ్మ తమ్ముడు "రెండు రోజులు, కళ్ల డాక్టర్‌కి చూపించుకుని పోతా" అని సంక్రాంతికి వచ్చి ఉగాది పచ్చడి తిని వెళ్లిన మనిషి. ఈ చట్టం ఉంటే అలా జరిగేదా?

పెదనాన్నకు నా ఆలోచన నచ్చింది. మొన్న ఆ మామయ్య పూతరేకుల డబ్బాతో దిగగానే ఆయన వరండా కిటికీ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏం పని మీద వచ్చావు?"

"నిన్ను చూడాలనిపించి, బావా."

"తిరుగు టికెట్ ఉందా? అక్కడ నీకు ఎవరున్నారు?"

"ఎవరున్నారు బావా నాకు..."

అంతే. డబ్బా మాత్రం లోపలికెళ్లింది. ఫీజు వాపసు ఉండదు కదా. లోపల పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

మామయ్య పట్టు వదిలే రకం కాదు. వారం తిరక్కుండా కొత్త డబ్బాతో మళ్లీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఈసారి సెల్‌ఫోన్ ముందుకు చాపి, "పరిస్థితి మారింది బావా. గేదెను కొన్నా. పొద్దున్నా సాయంత్రం పాలు పితకాలి, ఒక్కరోజు కూడా ఉండటానికి కుదరదు" అన్నాడు.

పెదనాన్న కళ్లజోడు సర్దుకుని ఆ ఫొటోను చాలాసేపు చూశారు. వచ్చే నెల పద్నాలుగున ఆయనకు రెండో ఇంటర్వ్యూ ఉంది.

"ముందు లోపలికి రా," అన్నారు గొంతు తగ్గించి. "ఎంతకొచ్చిందిరా గేదె?"