చీటీ మీద లేని భాష

సర్కారు దవాఖానలో ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తారు. షుగర్, బీపీ ఉన్నాయా అని అడుగుతారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు.

ములుగు అడవిలోని ఒక గొత్తికోయ గూడెం నుంచి వచ్చిన తల్లిని తలచుకోండి. ఆమెకు తెలుగు రాదు. కొడుక్కి పదేళ్లు, ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు కాబట్టి వాడే దుబాసి. నెల తప్పిన అమ్మకు రక్తం పోతోందన్న మాట డాక్టరమ్మ ముందు వాడి నోటికి ఎట్లా వస్తుంది? తల వంచుకుని కడుపునొప్పి అంటాడు. చీటీ మీద అదే పడుతుంది, మాత్ర కూడా దానికే ఇస్తారు. ఇందులో డాక్టరమ్మ తప్పు లేదు, పిల్లవాడి తప్పు అసలే లేదు. ఆ తల్లి భాష ఏమిటో ఎక్కడా రాసి లేదు గనుక, ఆ భాష తెలిసిన మనిషిని అక్కడ పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ప్రజారోగ్య రికార్డుల్లో ప్రతి మనిషి తెగను, ఇంటి భాషను ఆ మనిషి చెప్పినట్టే రాయాలని మేము కోరుతున్నాం.

ఎస్టీ అనే గడి ఉంది కదా అంటారు. అది చాలదు. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో ఎస్టీలు 31 లక్షల పైచిలుకు, అందులో సగానికి మించి లంబాడాలే. అందరినీ కలిపి సగటు తీస్తే అది చాలా వరకు తండాల సగటే అవుతుంది. ఆసిఫాబాద్ గుట్టల మీది కొలాం గూడెంలో బాలింతలు చనిపోతున్నా, చిన్న తెగ అయిన తోటీల పిల్లలు బరువు తగ్గుతున్నా ఆ అంకె కదలదు. ఇక గొత్తికోయలకు ఈ రాష్ట్రంలో ఎస్టీ గుర్తింపే లేదు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం సాయుధ దళాలు తిరిగిన రోజుల్లో అక్కడి నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన కుటుంబాలు ఏ గడిలోనూ పడవు.

భాష సంగతి ఇంకా విచిత్రం. అదే జనగణనలో లంబాడీని హిందీ కింద కలిపేశారు. దేశం మొత్తం మీద 32 లక్షల మందికి పైగా తమ తల్లిభాష లంబాడీ అని చెబితే, పెద్ద పట్టికలో వాళ్లంతా హిందీవాళ్లయ్యారు. మహబూబాబాద్ తండాలోని అవ్వకు మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో హిందీలో చెప్పి చూడండి, ఎంత అర్థమవుతుందో! పట్టికలో తప్పు పడితే దాన్ని చూసి వేసే పోస్టరు, చేసే నియామకం, కొనే మందు అన్నీ తప్పుతాయి.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ జబ్బు దగ్గర ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి, మొత్తం 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. రక్తం తీయడం తేలికే. ఆ తర్వాత భార్యాభర్తలను కూర్చోబెట్టి, ఇద్దరిలోనూ ఈ లక్షణం (తమకు జబ్బు లేకున్నా పిల్లలకు వెళ్లగల జన్యువు) ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అని చెప్పాలి. జబ్బు లేకుండా లక్షణం మాత్రం ఉండటమంటే ఏమిటో కూడా చెప్పాలి. తెలుగులో చెప్పినా తికమకపడే విషయమిది. ఉట్నూరు దగ్గరి గోండు జంటకు గోండీలో కాకుండా ఇంకెట్లా చెబుతారు? 1940లలోనే మార్లవాయి అనే గోండు గ్రామంలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండీ వాచకాలు తయారుచేయించి, గోండు పంతుళ్లకు శిక్షణ ఇప్పించారు. ఎనభై ఏళ్ల కింద బడికి కుదిరింది, ఈ రోజు దవాఖానకు కుదరదా?

అమెరికాలో 2020లో కోవిడ్ మొదలైనప్పుడు చాలా కేసుల్లో రోగి జాతి వివరం రాయలేదు. లెక్కలు చేతికొచ్చాకే నల్లజాతివారు, మూలవాసులు తెల్లవారికంటే ఎక్కువగా చనిపోతున్నారని తేటతెల్లమైంది. మన ఏజెన్సీలో ఏటా వానాకాలంలో జ్వరాలు వస్తాయి. ఏ గూడెంలో, ఏ తెగలో ఎంతమంది పడకేశారో విడిగా చూసే ఏర్పాటు మనకూ కావాలి.

ఇల్లిల్లూ తిరగడం కష్టమన్న మాట చెల్లదు. 2022లో ములుగు, సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ కోసం సిబ్బంది గడప గడపకూ వెళ్లారు. 2024 నవంబర్‌లో రాష్ట్రమంతా కులం అడిగి రాసుకున్నారు.

అడగడంలో మాత్రం జాగ్రత్త ఉండాలి. ఇంటిపేరు విని తెగ రాసేయకూడదు. ఆత్రం అనే ఇంటిపేరు గోండుల్లోనూ ఉంది, కొలాముల్లోనూ ఉంది. ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పాలి, చెప్పనంటే అంతటితో వదిలేయాలి, చెప్పలేదని వైద్యం ఆపకూడదు. ఊళ్లో తోటీలవి రెండే ఇళ్లుంటే ఆ ఊరి అంకెను విడిగా బయటపెట్టకూడదు. పెడితే జబ్బు ఎవరిదో ఊరంతటికీ తెలిసిపోతుంది, ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి దగ్గర దాకా పోతుంది.

మాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ ఫారెస్టోళ్ల విషయంలో. పోడు గొడవలతో ఇప్పటికే ఎప్పుడు ఖాళీ చేయిస్తారో అని బతుకుతున్న గొత్తికోయలు, ఆశా కార్యకర్త రాసుకున్న కాగితం రేపు బీట్ ఆఫీసర్ చేతిలో కనిపిస్తే మళ్లీ దవాఖాన మెట్టు ఎక్కరు. పిల్లలకు టీకాలు కూడా వేయించరు. కాబట్టి ఈ వివరాలు అటవీ శాఖకు గానీ, పోలీసులకు గానీ ఇవ్వబోమని ఆరోగ్య శాఖ ముందుగా రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. దాన్ని కోయలో, గోండీలో, లంబాడీలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే రిజిస్టర్ తెరవాలి. మొదటి ఏడాది లెక్క చూసుకుని ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని దవాఖానల్లో ఆ భాషలు మాట్లాడే ఆడమనుషులను జీతమిచ్చి దుబాసులుగా పెట్టాలి, రాత్రి డ్యూటీతో సహా. కాన్పులు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయని నర్సులకు తెలుసు.