రోజూ తాగుతారా అని అడిగితే చాలదు

ముప్పై ఏళ్లు దాటిన వారిలో బీపీ, షుగరు ముప్పును గుర్తించేందుకు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే పత్రంలో మద్యం గురించి ఉన్నది ఒకే ప్రశ్న: రోజూ తాగుతారా? అవునంటే ఒక మార్కు, కాదంటే సున్నా. వారమంతా ముట్టకుండా, కూలి డబ్బులు చేతికందిన రాత్రి రెండు క్వార్టర్లు తాగే మేస్త్రీ ఈ ప్రశ్నకు కాదనే చెబుతాడు. అది అబద్ధమూ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో 43.3 శాతం, మహిళల్లో 6.7 శాతం మద్యం తీసుకుంటున్న తెలంగాణలో ఈ వడపోత ఏ మూలకూ సరిపోదు.

తాగుడు అలవాటు ఎంత ముప్పుగా మారిందో తేల్చేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల 'ఆడిట్' పరీక్షలో మొదటి మూడూ ఎంత తరచుగా తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, ఒకే విడతలో ఆరు డ్రింకులు లేదా అంతకు మించి ఎన్నిసార్లు తాగుతారు అని అడుగుతాయి. అక్కడ ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన దుకాణాల్లో దొరికే 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాములుంటుంది. కాబట్టి వరంగల్ పల్లెల్లో మూడో ప్రశ్నను 'ఒక్కసారి కూర్చుంటే క్వార్టర్ అవుతుందా' అని అడిగితే ఎవరికైనా అర్థమవుతుంది. కల్లు సంగతి విడిగా అడగాలి, ఎందుకంటే దాన్ని మద్యంగా లెక్కించని వారు మనలో ఎందరో ఉన్నారు.

అడిగే చోటూ ముఖ్యమే. ఆశా కార్యకర్త సాధారణంగా అదే వాడ మనిషి. భార్యాపిల్లలు, పక్కింటివారు వింటుండగా నిజం చెప్పగలిగేవారు తక్కువ, మహిళలైతే మరీ తక్కువ. బీపీ మాత్రల కోసం పల్లె దవాఖానాకు వచ్చిన రోజున సిబ్బంది ఏకాంతంగా అడగడమే మేలు. తాగుడు బీపీని పెంచుతుంది గనుక ఆ మాట అక్కడ సహజంగానే వస్తుంది.

ఆడిట్ స్కోరు ఎనిమిది, ఆపైన వచ్చినవారిలో చాలామందికి పది నిమిషాల నిదానమైన మాటే పనిచేస్తుంది. పూర్తిగా బానిసలైన వారిని మాత్రం 'రేపటి నుంచి మానేయి' అని పంపించడం ప్రమాదకరం. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడినప్పుడు వణుకు, మూర్ఛ, మతిభ్రమణతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరడం మనం చూశాం. ఇటువంటి వారిని వరంగల్ ఎంజీఎం మానసిక వైద్య విభాగం వంటి చోటికి పంపే ఏర్పాటు ముందే ఉండాలి.

మద్యం అమ్మకాలపై భారీగా ఆదాయం పొందుతున్న ప్రభుత్వం ఈ పత్రాన్ని మార్చి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, రోగి చెప్పిన సమాధానాలు ఇంటివారికి గానీ, యజమానికి గానీ, పోలీసులకు గానీ చేరవని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలని మేం కోరుతున్నాం.