రిబ్బనో రక్షతి రక్షితః

మన పరిశ్రమల భద్రతకు మూలవిరాట్టు ఎరుపు, తెలుపు చారల ప్లాస్టిక్ రిబ్బను. పైపులైనులో గాలి ఎక్కించి, ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే ప్రెషర్ టెస్టు రోజున చూడాలి దాని వైభవం! నాలుగు ఊచలు పాతి, లైనుకు పది అడుగుల దూరంలో చుట్టేస్తారు. పైపు పగిలితే ఎగిరిన ఉక్కుముక్క అక్కడిదాకా వచ్చి, ‘ప్రవేశం నిషిద్ధం’ అన్న బోర్డు చదువుకుని, మర్యాదగా వెనుదిరుగుతుందని పెద్దల ప్రగాఢ విశ్వాసం.

నీళ్ళతో చేయవచ్చు కదా అని అడిగేవాడు అజ్ఞాని. నింపాలి, దింపాలి, ఆరబెట్టాలి, షెడ్యూలు ఏమైపోవాలి? (నీటి బరువు మోయలేని లైన్లు, తడి తగలకూడని లైన్లు ఉంటాయి, వాటి సంగతి వేరు.) పైగా ‘గాలే కదా!’ నీరు ఎంత నొక్కినా దాదాపు కుదించుకోదు, పైపు చిట్లితే కాస్త చిమ్మి చల్లబడుతుంది. గాలి మాత్రం నొక్కిన నొక్కుడంతా కడుపులో దాచుకుంటుంది. 12 అంగుళాల పైపు, 140 మీటర్ల పొడవు, 10 బార్ గాలి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి): ఒక్కసారిగా బయటపడితే సుమారు 3 కిలోల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం. అంత సరుకు సంచిలో తెస్తే గేటు దగ్గరే పోలీసులకు పట్టిస్తారు. కంప్రెసర్‌తో ఎక్కిస్తే పర్మిట్ మీద సంతకం చేసి టీ తెప్పిస్తారు.

పరిశ్రమల పైపులకు అమెరికా ఇంజనీర్ల సంఘం రాసిన నియమావళి, ఏఎస్‌ఎంఈ బి31.3 కోడ్‌కు చాదస్తం ఎక్కువ. నీటి టెస్టుకు డిజైన్ ప్రెషర్‌కు (పైపు ఏ ఒత్తిడికని తయారైందో దానికి) 1.5 రెట్లు అడిగేది, గాలి దగ్గరికి వచ్చేసరికి 1.1 రెట్లతోనే సరిపెట్టుకోనిస్తుంది. ముందు 1.7 బార్ దగ్గరో, టెస్టు ప్రెషర్‌లో సగం దగ్గరో, ఏది తక్కువైతే అక్కడ ఆగి లీకులు చూడమంటుంది. ఆపైన మెట్టుమెట్టుగా ఎక్కించాలట. ఒత్తిడి మితిమీరితే తనంతట తెరుచుకుని వదిలేసే రిలీఫ్ వాల్వు ఉండాలట. ఉండేది, పాపం, మాటిమాటికీ తెరుచుకుని టెస్టు చెడగొడుతోందని దాని స్థానంలో ప్లగ్గు బిగించారు.

ఇంతలో రెండు పైపులను బోల్టులతో కలిపే ఫ్లాంజి దగ్గర స్స్‌మని శబ్దం. రిబ్బను ఇవతల సేఫ్టీ ఆఫీసరు, క్లయింటు ప్రతినిధి, ఫోటోలు తీసేవాడు. అవతలికి ఎవరు వెళ్ళాలి? ఒక చేతిలో సబ్బునీళ్ళ మగ్గు, మరో చేతిలో స్పానరుతో కాంట్రాక్టు హెల్పరు. “ఒక్క చుట్టు బిగించరా తమ్ముడూ, ప్రెషర్ దించితే మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి” అంటాడు సూపర్‌వైజరు.

నిండు ప్రెషర్‌లో ఉన్న బోల్టు మీద మనిషి చేత స్పానరు వేయించడం అజ్ఞానం కాదు, నేరం. దించితే పోయేది ఒక పూట. ఆ పూట ఖరీదుకన్నా ఆ కుర్రాడి ప్రాణం చవకని మీరు లెక్క కట్టారు, సిగ్గులేకుండా కట్టారు!

ఇదిగో సార్ స్పానరు. ఆ ఒక్క చుట్టు మీరే బిగించండి.