సూచీ గారూ, ఒక్క సిఫార్సు ఉత్తరం

మహారాజశ్రీ వినియోగదారుల ధరల సూచీ గారి సముఖమునకు,

2025 అక్టోబరులో మీ లెక్కన ధరల పెరుగుదల ఏడాదికి 0.25 శాతానికి దిగివచ్చిందని చదివి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఆ పేపరు పట్టుకుని కిరాణా కొట్టుకెళ్తే, కొట్టాయన శ్రద్ధగా చదివి, అందులోనే రెండు ఎండుకొబ్బరి చిప్పలు చుట్టిచ్చాడు. డబ్బులు మాత్రం చిప్పలకే తీసుకున్నాడు, మీ వార్తకు తగ్గింపేమీ ఇవ్వలేదు.

కూరగాయలు తగ్గాయి, అబద్ధమెందుకు. 2023 జూలైలో మీ అంకె 7.44 శాతం దగ్గర ఉన్నప్పుడు రైతుబజార్లో సర్కారువారి 50 రూపాయల టమాటా కోసం క్యూ కట్టినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. కానీ మీ అంకె తగ్గడమంటే ధరలు దిగడం కాదట, ఎక్కే జోరు తగ్గడమట. మా అబ్బాయి విడమరిచి చెప్పాడు. అంటే అటకెక్కిన పిల్లి ఇంకా పైకి పోవట్లేదని మేం సంతోషించాలన్నమాట. దింపమని అడక్కూడదు.

పస్తులేం లేవండీ. జీతమూ పెరిగింది. పెరిగిన జీతం నా ప్రతిభ, పెరిగిన ధర మీ దౌర్జన్యం, మా ఇంట్లో లెక్క అంతే. రిజర్వు బ్యాంకు సర్వేవాళ్లు ఇళ్లకొచ్చి ధరలెలా ఉన్నాయని అడిగితే జనం మీకంటే పెద్ద అంకె చెప్పేది ఇందుకే కాబోలు. 2025 నాటికి మీరు లెక్కకోసం మోస్తున్నది 2012 నాటి సరుకుల బుట్ట, మేం మోస్తున్నది ఈ నెల సంచీ.

మీ పట్టికలో ఎక్కనిది ఒకటుంది. మా ఆవిడ ఇదివరకు గుమ్మంలో కనిపించిన వాళ్లనల్లా "ఓ ముద్ద తిని వెళ్దురుగాని" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగేది. ఇప్పుడు "కాఫీయా, టీయా?" అనడుగుతోంది, టీ అనాలని లోలోపల మొక్కుకుంటూ. మొన్న మా పెద్దమ్మ "కాఫీయే పెట్టవే" అంది. వంటింట్లో పొడి డబ్బా గోకుతున్న చప్పుడు హాల్లోకి వినిపించింది. పెద్దమ్మ వెంటనే, "పొద్దున తాగానులే, మంచినీళ్లు చాలు" అంది. ఆవిడకు కాఫీ లేకపోతే తలనొప్పి.

కేంద్ర ప్రభుత్వం వారు మీకు 4 శాతం లక్ష్యం పెట్టి, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు కూడా ఇచ్చారట. అదృష్టవంతులు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: మీరు నెలనెలా 12న వస్తారు. మా ఇంటి ఓనరు 1నే వస్తాడు, ఈసారి అద్దె పెంచుతానంటున్నాడు. 0.25 శాతమే పెంచమని ఆయన పేరున ఒక్క సిఫార్సు ఉత్తరం రాసివ్వగలరు.