ట్రక్కు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను ముట్టుకోవద్దనే మాట తప్పు

“ఆటోమేటిక్ ట్రక్కులో ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ జీవితాంతం ఉంటుంది. మార్చమనే మెకానిక్ మీ డబ్బు గుంజుతున్నట్టే. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లేదంటే కంపెనీయే ముట్టుకోవద్దని చెప్పినట్టు. లక్ష మైళ్లు దాటాక మార్చారో, గేర్‌బాక్స్ పోయినట్టే.”

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో పికప్ ట్రక్కులు కొన్న తెలుగువాళ్ల మధ్య ఈ సందేశం తిరుగుతూనే ఉంది. దీన్ని నమ్మి ఊరుకుంటే కొన్ని వందల డాలర్లు మిగులుతాయి. గేర్‌బాక్స్ పాడైతే వేల డాలర్లు పోతాయి. అందుకే ఒక్కో ముక్కా తీసి జవాబు చెబుతున్నాను.

ముందు జీవితాంతం సంగతి. ఫోర్డ్, షెవ్రొలే, టొయోటా మామూలు పెట్రోలు పికప్‌ల ఇంజిను, ట్రాన్స్‌మిషన్‌లకు ఇస్తున్న వారంటీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. అక్కడి రోడ్ల మీద తిరిగే బళ్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది. వారంటీ తీరిన తరువాతి ఏళ్ల ఖర్చంతా యజమానిదే. రామ్ 1500 పికప్‌లో ఉండే ఎనిమిది గేర్ల ట్రాన్స్‌మిషన్‌కు మూల రూపకల్పన జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థది. తన ఎనిమిది గేర్ల పెట్టెలకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, ఆయిల్ మార్చమని ఆ సంస్థే చెప్పింది. అంటే దాదాపు 50,000 నుంచి 75,000 మైళ్లు. తయారుచేసినవారే మార్చమంటున్నప్పుడు వద్దనడానికి మనమెవరం? ఫోర్డ్ ఎఫ్-150కి మామూలు వాడకంలో 1,50,000 మైళ్ల గడువు ఉంది. అది చాలా దూరమే, కానీ అది కూడా గడువే.

“నేను ట్రెయిలర్ లాగను, కాబట్టి నాది మామూలు వాడకమే” అని చాలామంది అనుకుంటారు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతోంది. షెవ్రొలే ట్రక్కులు తయారుచేసే జనరల్ మోటార్స్ మాన్యువల్ తీవ్రమైన వాడకం కింద ట్రెయిలర్ లాగడం, కొండదారులతో పాటు వేడి వాతావరణంలో నగర ట్రాఫిక్‌లో తిరగడాన్ని కూడా చేర్చింది. అలాంటి బళ్లకు 45,000 మైళ్లకే ఆయిల్ మార్చమంటుంది. డాలస్, హ్యూస్టన్‌లలో వేసవి నెలలు ఎలా ఉంటాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ ఎండలో రోజూ ఆఫీసు ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే ట్రక్కు, ఒక్క ట్రెయిలర్ కూడా లాగకపోయినా, ఈ జాబితాలోకే వస్తుంది. టొయోటా టకోమాకు మామూలు పట్టికలో ఆయిల్ మార్పిడి కనిపించదు. బరువులు లాగే బళ్ల పట్టికలో మాత్రం 60,000 మైళ్ల దగ్గర ఉంటుంది. చాలామంది మొదటి పట్టిక చూసి పుస్తకం మూసేస్తారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ ఆయిల్ చేసేది కందెన పని ఒక్కటే కాదు. దాని పీడనంతోనే గేర్లు మారతాయి. వేడిని మోసుకుపోయేది అదే. క్లచ్ పలకలు ఎంత మృదువుగా పట్టుకోవాలో నిర్ణయించేవి అందులోని రసాయనాలే. ఇంజిను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో జారుడు ఎక్కువైనకొద్దీ వేడి పెరుగుతుంది, ఆయిల్ ఆక్సీకరణ చెందుతుంది, ఆ రసాయనాలు అరిగిపోతాయి. అప్పుడు నిలకడ వేగంలో, గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు బండి వణుకుతుంది. జనరల్ మోటార్స్ ఎనిమిది గేర్ల ట్రక్కుల్లో ఇలాంటి వణుకు మీద ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు కంపెనీ డీలర్లకు చెప్పిన మందు, పాత ఆయిల్ మొత్తం తీసి కొత్త రకం ఆయిల్ పోయడమే. ఆయిల్ ఎప్పటికీ చెడదన్న వాదానికి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు.

ఇక లక్ష మైళ్ల భయం. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంతగా పాకింది. చాలామంది గేర్లు జారడం మొదలయ్యాకే షాపుకు వెళ్తారు. అప్పటికే క్లచ్‌లు అరిగి ఉంటాయి. ఆయిల్ మార్చిన నెలకు పెట్టె పోతే నింద ఆయిల్ మీద పడుతుంది. జారుతున్న పెట్టెను కొత్త ఆయిల్ బాగుచేయదు, నిజమే. కానీ బాగా నడుస్తున్న పెట్టె కొత్త ఆయిల్ పోసినందుకు చావదు. చరిత్ర తెలియని పాత ట్రక్కు కొంటే యంత్రంతో పీడనం పెట్టి కడిగించవద్దు. కిందినుంచి దించి, వీలున్నచోట ఫిల్టర్ మార్చి, దిగినంతే కొత్తది పోయించండి. టార్క్ కన్వర్టర్‌లో కొంత పాతది మిగిలిపోతుంది కాబట్టి, కొన్నివేల మైళ్ల తరువాత మరోసారి చేయించండి. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోని అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే మామూలే. లోహపు తునకలు కనిపిస్తే సమస్య ఆయిల్‌ది కాదు.

డిప్‌స్టిక్ లేకపోవడం నిషేధమేమీ కాదు. చాలా పెట్టెల్లో ఇంజిను నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు వచ్చాక, బిరడా తీసి మట్టం చూస్తారు. ఇది ఇంటి ముందు తొందరగా చేసే పని కాదు, అంతే. రంగును నమ్ముకోవడం కూడా సరికాదు. ఎర్రగా ఉన్నంత మాత్రాన రసాయనాలు మిగిలి ఉన్నట్టు కాదు. మాడు వాసన వస్తే మాత్రం వెంటనే చూపించాలి.

షాపువాళ్లు “అన్నిటికీ సరిపోతుంది” అని ఒకే డబ్బా తీస్తే ఒప్పుకోకండి. ఫోర్డ్ పది గేర్ల పెట్టెకు మెర్కాన్ యూఎల్‌వీ అనే ఆయిల్ కావాలి. ఆరు గేర్ల దానికి వాడే మెర్కాన్ ఎల్‌వీ అంతకన్నా చిక్కన, ఒకదాని బదులు మరొకటి పోయకూడదు. పోసిన ఆయిల్ పేరు, ఆ రోజు మైళ్లు బిల్లు మీద రాయించుకోండి. బయటి షాపులో చేయించినంత మాత్రాన వారంటీ రద్దు చేయకుండా 1975 నాటి అమెరికా వారంటీ చట్టం మాగ్నసన్-మాస్ అడ్డుపడుతుంది. ఆ బిల్లే మీ సాక్ష్యం.