కూలీలు లేని రేవు

(గోడ మీద ఒక ప్రింటు: ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన ఉన్న చేపల రేవు పోర్-అన్-బెస్సాన్. జార్జ్ స్యూరా 1888లో చుక్కలతో వేసిన చిత్రం. అసలుది అమెరికాలో, మినియాపొలిస్ మ్యూజియంలో ఉంది. దాని ముందు ఒక బాబాయ్, ఆయన అన్న కూతురు.)

అమ్మాయి: చేపల రేవన్నావు కదా బాబాయ్, చేపేది? వలేది? గట్టు మీద ఉన్నదే ముగ్గురు. ఒక కస్టమ్స్ జవాను, ఒక పిల్ల, బరువు మోసుకెళ్తున్న ఒకావిడ. ఒకరి మొహం ఒకరు చూడరు.

బాబాయ్: పడవలు సముద్రం మీదికి పోతే గట్టు ఖాళీగానే ఉంటుందమ్మా. ఆ వేసవిలో ఆయన అక్కడ ఆరు చిత్రాలు వేశాడు. ఒకదాంట్లో ఆదివారం, జెండాలు ఎగురుతుంటాయి.

అమ్మాయి: ఆరింటిలో మనుషులు ఇంత దగ్గరగా కనిపించేది ఇందులోనే. మిగతావాటిలో పడవలు, నీళ్లు, కొండ. పనిచేసేవాళ్లు అడ్డమనుకున్నాడేమో!

బాబాయ్: ఆ గట్టును దగ్గరగా చూడు. దూరం నుంచి ఇసుక రంగు, దగ్గరికెళ్తే నీలం చుక్క పక్కన నారింజ చుక్క. పాలెట్ మీద కలపడు, కలిపే పని మన కంటికి వదిలేస్తాడు. కొత్తగా చూడ్డం నేర్పడమే తిరుగుబాటని ఆయన స్నేహితుడు, చిత్రకారుడు సిన్యాక్ 1891లో ఒక అరాజకవాద (అసలు ప్రభుత్వమే వద్దనేవాళ్ల) పత్రికలో, పేరు పెట్టుకోకుండా, వాదించాడు.

అమ్మాయి: అందులో స్యూరా గురించి చెప్పింది డాన్సులు, సర్కస్‌ల బొమ్మలు చూసి. రేవుల్ని చూసి కాదు. మాక్సిమిలియాఁ లూస్ కూడా చుక్కలే పెట్టాడు, కానీ కార్మికుల్ని వేశాడు. అరాజకవాదని 1894లో జైలుకీ వెళ్లాడు.

బాబాయ్: జైలుకెళ్తే బొమ్మ బాగుపడుతుందా ఏంటి? స్యూరా తన పనిని కూలి లెక్కలోనే చూశాడు. ఒక పెద్ద చిత్రానికి ధర అడిగితే రోజుకు ఏడు ఫ్రాంకుల చొప్పున ఏడాదికి లెక్కగట్టమన్నాడు.

(నా ఓటు అమ్మాయికే. అయినా ఈ ఏడు ఫ్రాంకుల పాయింటుకి ఆమె కాసేపు తడబడింది.)

అమ్మాయి: ఇంటినుంచి డబ్బొచ్చే మనిషి కూలి లెక్క చెప్పడం తేలికే. మరి ఆ మోసే ఆవిడకి రోజుకెంత?

బాబాయ్: ఆ ప్రశ్న నీకెందుకొచ్చింది? గట్టంతా ఖాళీ చేసి, ఆవిణ్ణి ఒక్కదాన్నీ అక్కడ నడిపించాడు కాబట్టి.

అమ్మాయి: పక్కనే జవానునీ నిలబెట్టాడుగా. ఆయనకి సర్కారు జీతం!