తుప్పు దర్శనం

నేల మీద తుప్పుపట్టిన ఇనుపరేకు కనిపిస్తే ధనుర్వాతం భయంతో దూరంగా జరుగుతాం. అదే రేకు మునిగిపోయిన ఓడదై, చల్లని సముద్రంలో 30 మీటర్ల లోతున పడి ఉంటే డబ్బు కట్టి మరీ దిగి, చేతిదీపం వెలుగులో చూసి తరిస్తాం. మానవజాతి పురోగతిని శంకించేవారు ఈ ఒక్క సంగతి గమనించాలి.

చెక్కుచెదరని ఓడను చూడడం పామరుల పని. అలలు దశాబ్దాల పాటు బాది నేలమట్టం చేసిన ఓడను చూడాలంటే విశ్వాసం ఉండాలి. పడవ మీద ఉండగానే మార్గదర్శి పటం గీసి చెబుతాడు. అడుగుకు చేరాక ఒక పలకను వేలితో చూపిస్తాడు. అది కెప్టెన్ గది. నోట్లో సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ ఉంది కనుక ఎదురు ప్రశ్నకు తావు లేదు.

ఈ భాగ్యం ఊరికే దక్కదు. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకని నీరు చొరబడని డ్రైసూట్ తొడిగి లోపల గాలి నింపుకోవాలి. ఆ గాలికి పైకి తేలిపోతాం కనుక సీసపు దిమ్మలు కట్టుకోవాలి. మునగడానికి మనిషి ఇంత అవస్థ పడుతున్నాడు. ఓడ మాత్రం ఏ శిక్షణా లేకుండానే మునిగింది. చలి మరీ ఎక్కువైతే రెగ్యులేటర్‌లో మంచు పేరుకుని కవాటం మూసుకోదు, దాచుకున్న గాలంతా బుడగలై పోతుంది. అది వేరే వినోదం.

ఆ లోతున పీల్చే గాలిలోని నైట్రోజన్ మత్తుగా తలకెక్కవచ్చు. ఇనుపముక్కల్లో అందం కనిపించేది అందువల్లేనని గిట్టనివారి ప్రచారం. నీటిలో ప్రతి వస్తువూ సుమారు మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుందన్నది మాత్రం నిజం. కాబట్టి డైవర్ల కబుర్లలో ఆ మేరకు అతిశయోక్తిని భౌతికశాస్త్రం ఖాతాలో వేయాలి.

ఆవిరి ఓడల్లో చివరిదాకా మిగిలేది బాయిలర్, దాని ఉక్కు మందం అలాంటిది. 1898లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరాన మానకిల్స్ రాళ్లకు కొట్టుకుని మునిగిన మోహెగన్ అనే ఓడ బాయిలర్లు ఇప్పటికీ దర్శనమిస్తాయి. ఆ ఓడతో 106 మంది పోయారు. దాన్ని చూసి పైకి వచ్చిన డైవర్లు మాత్రం ముందుగా మాట్లాడుకునేది ఆ రోజు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయన్న విషయమే.

అక్కడి చట్టం చాలా కచ్చితమైనది. శిథిలాల నుంచి ఒక్క ఇత్తడి మేకు పైకి తెచ్చినా 28 రోజుల్లోగా ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారికి తెలియజేయాలి. శతాబ్దానికి పైగా ఆ ఓడను ముక్కముక్కలుగా తరలించుకుపోతున్న అలల పైన ఇంకా కేసు పెట్టినట్టు లేదు.